ఆటు వేళకి గంట ముందు

తెలుగువాళ్ళని ఏడింటికి రమ్మనాలంటే ఆరింటికని చెప్పాలి. సింగపూర్‌లో ఏ తెలుగు సంఘం కార్యక్రమానికైనా ఒక్కసారి కుర్చీలు సర్దిన వాళ్ళకి ఈ సంగతి తెలుస్తుంది. నేను పదకొండేళ్ళుగా సర్దుతున్నాను. పుట్టినరోజుకైనా, వ్రతానికైనా, పిక్నిక్‌కైనా గంట ముందు సమయం చెప్పడం నాకు అలవాటైపోయింది. చిక్కేమిటంటే, అరుణశ్రీ ఎప్పుడూ గంట కలిపి చెబుతుందని ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. నేను ఆరంటే వాళ్ళు ఏడనుకుంటారు, ఏడనుకుని ఎనిమిదికి వస్తారు.

సముద్రంతో ఈ బేరాలు కుదరవు. ఏడున్నరకి వెనక్కి తీస్తానంటే ఏడున్నరకే తీస్తుంది. చూడ్డానికి మనకి దొరికేది అటో గంట, ఇటో గంట. ఆ తర్వాత ఎంత పెద్ద మనిషి వచ్చి నిలబడినా దాని దారిన అది పైకి వచ్చేస్తుంది.

నేను సైన్స్ పార్క్‌లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. సెలవు రోజుల్లో చాంగీ బీచ్‌లో పిల్లలకి ఆటు వేళ తీరం చూపిస్తుంటాను. నీరు బాగా వెనక్కి పోయినప్పుడు మామూలుగా మునిగి ఉండే ఇసుక మేటలు, సముద్రపు గడ్డి బయటపడతాయి. ఆ గడ్డిలో పీతలుంటాయి, ఇసుక రంగులో దాక్కున్న సముద్ర నక్షత్రాలుంటాయి, పువ్వులా విచ్చుకుని ముట్టుకుంటే ముడుచుకునే జీవాలుంటాయి. తెల్లవారాక అంత దూరం వెనక్కి పోయే రోజులు ఏడాదిలో కొన్నే. అలాంటి ఒక ఆదివారం చూసి, మన తెలుగు కుటుంబాలని తీసుకెళదామని మా సంఘానికి చెప్పాను. చెప్పింది నేనే, కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. అయినా అంటాను.

మా సంఘం అధ్యక్షుడు కృష్ణప్రసాద్ గారు. తంజోంగ్ పగార్‌లో బ్యాంకు ఉద్యోగం. మంచి మనిషి, ఎవర్నీ నొప్పించడు. ఆ మంచితనమే నా ప్రాణం మీదికొచ్చింది.

అసలు ఈసారి పథకమంతా మా మహతిది. దానికి పధ్నాలుగేళ్ళు. పోయినేడాది మడ అడవులు చూపిస్తామని సంఘం తీసుకెళితే, బస్సు ఆలస్యమై, పులిహోర తిని, అంత్యాక్షరి ఆడి తిరిగొచ్చాం. మహతి భూతద్దం తెచ్చుకుంది పాపం, సంచిలోంచి తీయకుండానే ఇంటికి పట్టుకొచ్చింది. ఆనాటి నుంచి సంఘం అంటే చాలు, దానికి ఒళ్ళు మంట. ఈసారి మాత్రం తనే ఒక మాట చెప్పింది. పెద్దవాళ్ళకి మనం చూపించొద్దు, పిల్లలకి నేర్పుదాం, పిల్లలే వాళ్ళ అమ్మానాన్నలకి తెలుగులో చూపిస్తారు అని. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు ఆరుగురు దొరికారు. ప్రతి శనివారం మా బ్లాకు కింద ఖాళీ చోట కూర్చోబెట్టి బొమ్మలు గీయించింది. ఇంట్లో ఇంగ్లీషు తప్ప నోట రాని పిల్ల, నక్షత్రం కింద ఉండే ట్యూబ్ ఫీట్‌ని తెలుగులో ఏమంటారని నన్నడిగింది. గొట్టం కాళ్ళు అనమన్నాను. ట్రైన్‌లో పోతూ కూడా ఆ మాటే గొణుక్కునేది.

దానికొక షరతు కూడా పెట్టింది. ఇదీ పోయినేడాదిలాగే అయితే ఇంక జన్మలో సంఘానికి రాదు, నా తీరం నడకలకీ రాదు. నేను సరేనన్నాను. నాతోపాటు గడ్డిలోకి వంగి చూసే కూతురు ఇంకెన్నేళ్ళుంటుందో అని నాకు లోపల దిగులుగానే ఉంది.

అందరికీ ఎప్పట్లాగే ఆరింటికని కబురు పెట్టాను. ఆరింటికి బీచ్‌లో ఉన్నది నేనూ, మహతీ. ఆరున్నరకి కృష్ణప్రసాద్ గారు బ్యానరు, కుర్చీలు, మైకు, దీపపు కుంది, నూనె సీసాతో దిగారు. కుంది చూడగానే నాకు అనుమానమొచ్చింది. ఇంతకుముందు ఫోన్లో ప్రారంభోత్సవం ఏమీ లేదుకదా అని రెండుసార్లు అడిగాను. చిన్నదేనండీ, ఊరికే శాస్త్రానికి అన్నారాయన అప్పుడు. ఆ చిన్నదానికి ముఖ్య అతిథి కూడా ఉన్నాడని ఇప్పుడు చెప్పారు. విశ్వనాథం గారట, వ్యాపారవేత్త, కుర్చీలకీ టిఫిన్లకీ ఆయనే డబ్బిచ్చారట.

ఏడు కొట్టేసరికి మహతి పిల్లలు ఆరుగురూ వచ్చేశారు. ఒక్కరూ తప్పలేదు. తలలు దువ్వుకోలేదు, పాత బూట్లు వేసుకున్నారు, వెనకాల వాళ్ళ అమ్మానాన్నలు నిద్రమొహాలతో ఈడ్చుకుంటూ వచ్చారు. మహతి వాళ్ళకి గంట కలపలేదు. నీళ్ళు ఎప్పుడు ఎక్కడిదాకా ఉంటాయో గీత గీసి చూపించి, ఏడింటికి రమ్మంది. వాళ్ళు ఏడింటికి వచ్చారు. నేనది చూశాను, కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే స్థిమితం లేదు.

అప్పుడప్పుడే వెలుగొస్తోంది. నీరు వెనక్కిపోయి ఇసుక మేటలు తడిగా మెరుస్తున్నాయి. నా ఇన్నేళ్ళలో అంత దూరం తీసిన ఆటు నాలుగైదుసార్లకి మించి చూడలేదు. మహతి పిల్లల్ని తీసుకుని గడ్డి అంచుదాకా వెళ్ళింది. దీక్షిత అనే పిల్ల వంగి, "అక్కా, ఇక్కడ ఏదో మూవ్ అవుతోంది" అంది.

కృష్ణప్రసాద్ గారు ఇసుకలో ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చారు.

"పిల్లలు ముందే దిగిపోతే కుర్చీల్లో ఎవరుంటారండీ? విశ్వనాథం గారు ఖాళీ కుర్చీలకి మాట్లాడతారా? ఒక్క పది నిమిషాలు ఆపండి అరుణశ్రీ గారూ. వాళ్ళు మీ మాటైతే వింటారు."

సముద్రం ఆగదండీ అనాలి. మీ దీపం మీరు వెలిగించుకోండి, నా పిల్లలు నడుస్తారు అనాలి. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన నుదుటి మీద చెమట, చేతిలో అగ్గిపెట్టె, బతిమాలుతున్న మొహం. మళ్ళీ రేపు ఇదే సంఘంలో, ఇదే మనుషుల మధ్య తిరగాలి. "సరే" అన్నాను.

అని, మహతిని కేకేశాను. అది వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మా, నో. టైడ్ ఆగదు లా" అంది, సింగపూర్ పిల్లల యాసలో.

"పది నిమిషాలే, రా."

వచ్చింది. పిల్లల్ని వరుసలో కూర్చోబెట్టి, తను చివరి కుర్చీలో కూర్చుంది.

ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ నాకు రక్తపోటు పెరుగుతుంది. మిగతా కుటుంబాలు ఒక్కొక్కటే వచ్చాయి. వచ్చినవాళ్ళు ముందు టిఫిన్ డబ్బాలెక్కడని అడిగారు. ఎనిమిది దాటాక విశ్వనాథం గారు వచ్చారు. ఆలస్యమైందని ఎవరో అంటే, అరుణశ్రీ గారు ఆరన్నారంటే ఎనిమిదనేగా అర్థం అని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

దీపం వెలగలేదు. సముద్రం ఒడ్డున గాలికి వత్తి ఎలా నిలుస్తుంది? మా సంఘంలోని సూర్యకుమారి గారు కొంగు అడ్డం పెట్టారు. కొంగు అంటుకుంటుందని వాళ్ళాయన గాభరా పడ్డారు. చివరికి నలుగురు మగవాళ్ళు బ్యానరు విప్పి గాలికి అడ్డంగా పట్టుకున్నారు. దాని మీద 'ప్రకృతితో ఒక ఉదయం' అని పెద్ద అక్షరాలతో ఉంది. అది పిల్లలకీ సముద్రానికీ మధ్య గోడలా నిలబడింది. దీపం వెలిగింది. ప్రార్థన గీతం, స్వాగత వచనాలు అయ్యాయి. విశ్వనాథం గారు ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు తాగుతూ ప్రకృతిని కాపాడుకోవలసిన బాధ్యత గురించి మాట్లాడారు. మధ్యలో రెండుసార్లు ముగిస్తున్నానని కూడా అన్నారు.

తర్వాత నన్ను పిలిచారు. పిల్లలకి పర్యావరణ విద్య అందిస్తున్నందుకు శాలువా కప్పారు. సింగపూర్ ఉక్కలో శాలువా. విశ్వనాథం గారు నా భుజాల మీద దాన్ని సర్దుతుంటే, ఆయన చెవి పక్కనుంచి నాకు సముద్రం కనిపించింది. దీక్షిత వంగి చూసిన చోటు లేదు. గడ్డి లేదు, ఇసుక మేట లేదు. నీళ్ళు ఏమీ ఎరగనట్టు ఒడ్డు దాకా వచ్చి ఉన్నాయి. ఫొటోకి నవ్వమన్నారు. ఆ ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను, ఇప్పటికీ సంఘం గ్రూపులో ఉంది.

"ఇక పిల్లలూ పెద్దలూ అందరూ దిగచ్చు" అని కృష్ణప్రసాద్ గారు మైకులో ప్రకటించారు. నేను ఆ మైకు లాక్కుని, ఎవరూ దిగడానికి లేదు, నీరు పెరుగుతోంది, అడుగు కనపడదు, ఏది తొక్కుతున్నామో తెలియదు అని చెప్పాల్సి వచ్చింది. ఆరుగురు పిల్లలూ నన్నే చూశారు. పొద్దుటినుంచి వాళ్ళని ఆపింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే.

"అయ్యో, ఆ ముక్క ముందే చెప్పాల్సిందండీ" అన్నారు సూర్యకుమారి గారు. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. అందుకే మరీ ఒళ్ళు మండింది.

మహతి పిల్లల బూట్లు విప్పించి, ఇసుక దులిపించి, వాళ్ళ అమ్మానాన్నలకి అప్పజెప్పింది. ఎవరో ఇడ్లీ ప్లేటు ఇస్తే థాంక్యూ చెప్పి తీసుకుంది కూడా. తిరిగొచ్చేటప్పుడు బస్సులో శాలువా నా ఒళ్ళో ఉంది. నేను దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. కృష్ణప్రసాద్‌ని, విశ్వనాథాన్ని, కుందిని, బ్యానరుని, మన జాతి మొత్తాన్ని. నా తిట్లన్నీ అయిపోయేదాకా మహతి కిటికీలోంచి చూస్తూ కూర్చుని, అప్పుడు నా వైపు తిరిగింది.

"వాళ్ళకి నువ్వు ఆపమని చెప్పలేదు అమ్మా. నన్ను ఆపావు."

వాళ్ళని నొప్పించకూడదని అన్నాను. మరి నన్ను, అని అది అడగలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

తర్వాత రోజుల్లో దాని దగ్గర సముద్రం మాటెత్తితే, ఊఁ అని తన గదిలోకి వెళ్ళిపోయేది. మా ఆయన వదిలెయ్యమన్నారు, చిన్నపిల్ల, మర్చిపోతుందన్నారు. నాకు తెలుసు, అది మర్చిపోయే రకం కాదు, నా రకం.

మళ్ళీ ఆటు రోజులొచ్చాయి. బడికి సెలవులు. శుక్రవారం సాయంత్రం మహతి పాయా లేబర్‌లో దీక్షిత వాళ్ళింట్లో పడుకుంటానని సంచి సర్దుకుని వెళ్ళింది. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో దాని మెసేజ్ వచ్చింది. రేపు పిల్లలతో చాంగీ వెళుతోందట. పెద్దవాళ్ళు తోడుండాలి కాబట్టి దీక్షిత వాళ్ళమ్మా, మిగతా అమ్మానాన్నలూ వస్తున్నారట. నన్నూ రమ్మంది. పొద్దున్న ఆరింటికి, ఆలస్యం చెయ్యొద్దు అని.

ఆ చివరి రెండు వాక్యాలూ ఎన్నిసార్లు చదువుకున్నానో. పిలిచింది, అంతకంటే ఏం కావాలి? లేచి నా పాత బూట్లు వెతుక్కున్నాను. అలవాటు కొద్దీ ఆటుపోట్ల పట్టిక తెరిచి చూశాను. రేపు నీరు అన్నిటికంటే కిందికి పోయేది ఎనిమిదింటికి. ఆరింటికి అక్కడ మోకాలి లోతు నీళ్ళుంటాయి. మహతి లెక్క తప్పదే, ఎందుకిలా చెప్పింది అనుకుంటుండగానే దీక్షిత వాళ్ళమ్మ యోగిత ఫోన్ చేసింది. నేను ఇడ్లీలేమైనా తెస్తున్నానేమో కనుక్కుందామని. తేవద్దని మహతి గట్టిగా చెప్పిందట. "ఏడింటికల్లా అందరం అక్కడుంటాం అక్కా, మహతి అందరికీ ఏడనే చెప్పింది" అంది.

అందరికీ ఏడు. నాకు ఆరు.

ఫోన్ పట్టుకుని సోఫాలో అలాగే కూర్చుండిపోయాను. ఆ విద్య ఎక్కడ నేర్చుకుందో నన్నెవరూ అడగక్కర్లేదు. ఎవరి మాట మీద నమ్మకం లేదో వాళ్ళకి గంట కలిపి చెప్పడం, దాని చిన్నప్పటినుంచి నా పక్కన నిలబడి చూస్తూనే ఉంది. నేనేమన్నా ఆలస్యం చేసే మనిషినా అని టైప్ చేశాను. చెరిపేశాను. సరే అని మాత్రం పంపించాను.

మర్నాడు ఆరింటికి చాంగీ ఇసుకలో నేనొక్కదాన్నే ఉన్నాను. చీకటి విడలేదు. నీళ్ళు నెమ్మదిగా వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాను, ఇంకేం చేస్తాను.

ఏడింటికి వాళ్ళొచ్చారు. మహతి ముందు నడుస్తోంది. నన్ను చూసి ఆగింది, నా తడిసిన బూట్ల వంక చూసింది.

"ఎప్పుడొచ్చావు?"

"ఆరింటికి."

మహతి పిల్లల్ని లెక్కపెట్టుకుంది. గడ్డి అంచు దగ్గర నేను తన పక్కకి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు వెనకాల నడు అమ్మా. ఎవరైనా పిలిస్తే ఆగొద్దు."

అందరి వెనకాల నడిచాను.