బీరువాలో పాస్‌పోర్టు, జేబులో తాళం

నేను ఒక సిమ్ కార్డుని. అందులోనూ తాత్కాలికపు దాన్ని. పరదేశం వచ్చి నాలుగు రోజులుండి పోయేవాళ్ళకు ఇంటర్నెట్ ఇవ్వడం నా పని. ఎక్కడో ప్లాస్టిక్ పలక మీద అక్కచెల్లెళ్ళతో పాటు అచ్చయ్యాను. కళ్ళు తెరిచేసరికి ఒమన్ సముద్రపు ఒడ్డున, ఒక రొయ్యల ఫారం పక్కన, హంసా అనే మలయాళీ దుకాణంలో మేకుకి వేలాడుతున్నాను. గోరంత ఉంటాను. నన్ను కొనాలంటే మాత్రం పాస్‌పోర్టు చూపించాలి. మనుషులు పెట్టుకున్న రూలే. సరే, పెట్టుకున్నారు. ఆ పాస్‌పోర్టు మనిషి దగ్గర ఉండనివ్వాలి కదా!

ఉండనివ్వరు. అక్కడే నాకు మండుతుంది.

నన్ను కొన్నవాడు కొల్లాటి ఏడుకొండలు. భీమవరం పక్క పల్లెవాడు. చెరువు నీళ్ళు చిలికి రొయ్యకు ఊపిరి అందించే ఫ్యాన్లుంటాయే, వాటికి కరెంటు పెట్టెలు బిగిస్తాడు. ఒమన్ వచ్చింది కూడా ఆ పని మీదే. దిగిన రోజే మేనేజరు శశిధర్, మన తెలుగువాడే లెండి, వచ్చినవాళ్ళందరి పాస్‌పోర్టులూ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎందుకయ్యా అంటే, భద్రత కోసమట.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏడుకొండలు రొప్పుతూ దుకాణంలోకి వచ్చిపడ్డాడు. ఫోనులో ఉన్నది కంపెనీ ఇచ్చిన సిమ్. మాట్లాడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు. స్పీకర్లో ఊరి నుంచి వాళ్ళక్క మంగతాయారు అరుస్తోంది.

"ఒరే తమ్ముడూ! పొద్దున్నుంచీ ఒకటే మబ్బు. కరెంటు పోయి వచ్చింది. ఒక్క ఫ్యానూ తిరగట్లేదురా. రొయ్య పైకి తేలిపోతోంది!"

అక్కది కౌలు చెరువు. వారంలో రొయ్యలు పట్టి అమ్మాలి. దాని కరెంటు పెట్టె బిగించింది ఈ తమ్ముడే. కూలీలు తోచిన మీటనల్లా నొక్కుతున్నారని, ఒకసారి ఆగితే తన ఫోనులోంచి విప్పితే తప్ప మళ్ళీ పనిచెయ్యకుండా కట్టడి పెట్టాడు. "ఏ దేశంలో ఉన్నా నేను విప్పుతానక్కా" అని గొప్పగా చెప్పి విమానం ఎక్కాడు. ఆ దేశంలో ఇంటర్నెట్ తన చేతిలో ఉంటుందో లేదో ఆలోచించనే లేదు. ఆఫీసు వైఫై కూలివాళ్ళకు ఇవ్వరు. ఇంటర్నెట్ అమ్ముకునే హంసా చేతిలోనేమో మీటల ఫోను!

"పెట్టె పగలగొట్టెయ్యనా?" అంది అక్క.

"వద్దక్కా, లోపల కరెంటుంది. చచ్చిపోతావ్."

"మరి నా చెరువు తాళం నీ జేబులో ఏసుకుని ఒమను దాకా ఎందుకు మోసుకెళ్ళావురా, సన్నాసీ?"

"భద్రత కోసం..." అన్నాడు. అన్నవాడు అన్నట్టే ఆగిపోయాడు. మేకుకి వేలాడుతూ నేనా మొహం చూశాను. ఆ మాట ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చింది కాబోలు.

హంసా నన్ను మేకు నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. "అన్నా, పాస్‌పోర్ట్ లేక ఇస్తే నా షాప్ బంద్. పో, తీసుకొని రా."

ఆఫీసులో జరిగింది నేను చూడలేదు. తరవాత అతని జేబులో ఉండి పదేపదే విన్నాను.

"ఇవాళ సెలవయ్యా. ఎల్లుండి చూద్దాం" అన్నాడట శశిధర్. సెలవు ఆయనకే. రొయ్యకు మేత వేసేవాళ్ళకు లేదు.

"అప్పటికి మా అక్క చెరువు శవాల దిబ్బండీ. నా పాస్‌పోర్టు నాకివ్వండి."

"నీ మంచికే చెబుతున్నాను. పారేసుకుంటే ఎవడిది పూచీ?"

"నాదేనండి. నాది నేను పారేసుకుంటాను. మధ్యలో మీకెందుకండి?"

అని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడట. అన్నం తిని పనిలోకి పోతున్న తోటివాళ్ళు సంగతి అడిగి, ఒక్కొక్కరే పక్కన చతికిలబడ్డారు. "మావీ ఇచ్చెయ్యండి సార్, భద్రంగా పారేసుకుంటాం" అన్నాడట ఒకడు. బయట కంపెనీ రొయ్యలు ఆకలితో ఉన్నాయి. యజమాని ఫోను చేస్తే ఏం చెప్పాలో శశిధర్‌కు తోచలేదు. మనుషుల కోసం తెరుచుకోని బీరువా రొయ్యల కోసం తెరుచుకుంది!

ఏడుకొండలు పరిగెత్తుకొచ్చాడు. నన్ను పలక నుంచి విరిచి ఫోనులో రెండో సిమ్ అరలోకి తోశారు. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన మొదటి పని ఒక పల్లెటూరి చెరువు గట్టు మీది పెట్టెకు "లే" అని చెప్పడం. లేచింది.

"తిరుగుతున్నాయిరోయ్!" అని అక్క కేక. నీళ్ళ హోరు మధ్య గట్టంతా తిరిగి చూసింది. తరవాత గొంతు తగ్గించి, "మూల వైపు చాలా పోయిందిరా. మిగతాది కదులుతోంది" అంది.

"పోన్లే అక్కా..."

"పోన్లే ఏంట్రా? పోయింది నాది. ముందా తాళం నా ఫోనుకు మార్చు."

"నీకు చేతకా..." అనబోయి నాలిక్కరుచుకున్నాడు. తాళం ఆమె ఫోనుకు మార్చాడు.

నా గడువు ఎప్పుడో తీరిపోయింది. తాత్కాలికం అన్నారు, తాత్కాలికంగానే చచ్చాను. ఏడుకొండలు నన్ను పారెయ్యలేదు. పాస్‌పోర్టు అట్ట తొడుగులో దోపాడు. పాస్‌పోర్టు తిరిగిమ్మని శశిధర్ రెండుసార్లు కబురు పెట్టాడు, మూడోసారి స్వయంగా వచ్చి చెయ్యి చాచాడు. "మా అక్క ఒప్పుకోదండి" అన్నాడు ఏడుకొండలు, చొక్కా జేబు మీద చెయ్యి వేసి.

ఆ చేతి కింద ఉన్నాను నేను.