బెల్టు పెట్టుకున్నట్టే

"ఈ బండి గురించి చెప్పడానికి సార్లెవరూ లేరామ్మా?" అని అడిగాడు ఆ రోజు మొదటి కస్టమరు. కొత్తగా వచ్చిన ఆ పెద్ద బండి మీద శిక్షణ తీసుకున్నది మా షోరూంలో నేనొక్కదాన్నే. "నేనే చెబుతాను సార్" అని నవ్వి మొదలుపెట్టాను.

మలుపులో నాలుగు చక్రాలూ పక్కకి తిరిగే బండి అది. ఇరుకు సందులో మెల్లగా మలుపు తిప్పితే ముందు చక్రాలు కుడికి, వెనకవి కాస్త ఎడమకి తిరుగుతాయి. దాంతో అంత పొడుగు బండీ చిన్న బండిలా ఒదిగి మళ్ళుతుంది. వేగం అందుకున్నాక వెనకవి కూడా ముందువాటి వైపే తిరుగుతాయి. పక్కకు తప్పుకునేటప్పుడు తోక విసరదు. కస్టమరు భార్య ముందుకు వంగి వింటోంది. "మరి ఎప్పుడు ఎటు తిరగాలో వెనక చక్రాలకి ఎవరు చెబుతారండీ?" అంది. మంచి ప్రశ్న. వేగాన్నీ స్టీరింగునీ కనిపెట్టి చూస్తుండే కంప్యూటరు ఒకటి ఉంటుందని చెప్పబోయాను. ఈలోగా మా మేనేజరు వచ్చి, "ముందు చక్రాలు మొగుడు, వెనక చక్రాలు పెళ్ళాం మేడం. ఇంటి దగ్గర ఎదురు తిరుగుతుంది, రోడ్డెక్కాక ఆయన ఎటంటే అటే" అన్నాడు. కస్టమరు పడీ పడీ నవ్వాడు. ఆమె కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక మేనేజరు నాతో, "ఈ ముక్క నువ్వు కూడా వాడు. ఆడవాళ్ళ నోట్లోంచి వస్తే ఇంకా పేలుతుంది" అన్నాడు.

మా ఇంట్లో ఉన్న బండి మామూలుది. అక్కడ పనిచేస్తున్నందుకు నాకిచ్చిన తగ్గింపుతో కొన్నది. తగ్గింపు నా పేరు మీద, బండి మా ఆయన పేరు మీద. సీట్ల సందుల్లో పాప రాల్చిన బిస్కెట్ పొడి దులపడం, అద్దాలు తుడవడం, పెట్రోలు వాసనకి వాంతి చేసుకుంటే కడగడం నా వంతు. తాళం ఆయన జేబులో ఉంటుంది. ఒక సెలవు రోజు ఖాళీ మైదానంలో నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. బండి కుదిపి ఆగిపోగానే దింపేశారు. "నాలుగు చక్రాలూ తిరిగే బండి గురించి ఊరందరికీ చెబుతావు, నాలుగడుగులు కదల్చలేవు" అన్న మాట అప్పటిదే. తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్ని వడ్డించేవారు.

బెల్టు పెట్టుకోకపోతే బండి కూత పెడుతుంది కదా, ఆ కూత ఆయనకి గిట్టదు. ఎక్కడో బజారులో బెల్టు నాలుకలాంటి ఇనుప బిళ్ళ ఒకటి కొనుక్కొచ్చి, డ్రైవరు పక్క సీటుకుండే బెల్టు గాడిలో దిగ్గొట్టారు. కూత ఆగిపోయింది. నేను దాన్ని పీకేస్తే మళ్ళీ పెట్టారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కస్టమర్లకి చెప్పినట్టే చెప్పాను. "ఎయిర్‌బ్యాగంటే దూదిపరుపు కాదండీ. బండి దేనికైనా గుద్దుకుని ఒక్కసారిగా ఆగిందంటే, అది కనిపెట్టి లోపల చిన్న మందు పేలుతుంది. ఆ గ్యాసుతో రెప్పపాటులో సంచి ఉబ్బి మన మీదికి దూసుకొస్తుంది. వెంటనే వెనకున్న చిల్లుల్లోంచి గ్యాసు వదిలేస్తూ మెత్తబడుతుంది. ఆ మెత్తబడే వేళకి మనం వాలాలి. బెల్టు మనల్ని పట్టి ఉంచేది అందుకే. బెల్టు లేకపోతే ముందే తూలిపోయి, అది ఉబ్బుతుండగానే మొహం అప్పగిస్తాం." ఆయన టీవీ వైపే చూస్తూ, "షోరూం పాఠాలు షోరూంలో చెప్పు" అన్నారు. అత్తయ్య పక్కనే ఉన్నారు. "వాడికి తెలీదా ఏంటి, మగవాడు" అన్నారు.

ఒకరోజు ఉదయం మా ఆడపడుచు కొత్తింటికి బయలుదేరాం. అత్తయ్య ముందు సీట్లో, నేనూ పాపా వెనక. పాపని దాని చిన్న సీట్లో కట్టేసి, నేనూ బెల్టు పెట్టుకున్నాను. అత్తయ్య పక్కకి తడుముకుంటూ, "ఈ బెల్టు ఎక్కడ దూర్చాలిరా?" అని అడిగారు. నేనా మాట విన్నాను. "అక్కర్లేదమ్మా. నువ్వు పెట్టుకున్నట్టే అనుకుంటుంది బండి" అన్నారాయన. కొడుకు తెలివికి ఆవిడ మురిసిపోయారు. నేను నోరు తెరిచాను. అద్దంలోంచి ఆయన చూసిన చూపుకి మూసుకున్నాను.

ఊరు దాటాక పాప ఏడుపు మొదలుపెట్టింది. "ఇలా ఇవ్వు, నా ఒళ్ళో పడుకుంటుంది" అని అత్తయ్య చేతులు చాపారు. ఇవ్వనన్నాను.

"అమ్మ అడుగుతోంది కదా, ఇవ్వు."

"ముందు సీట్లో పిల్లని ఒళ్ళో పెట్టుకోకూడదండీ. ఆగండి, కాసేపు ఆగితే దాన్ని ఊరుకోబెడతాను."

"పిల్ల ఏడుస్తున్నా నీ పంతం నీదేనా?" అంటూ ఆయన వెనక్కి తిరిగారు. మెడ మొత్తం తిప్పి, వేలు చూపించి తిడుతున్నారు. ఆయన భుజం మీదుగా నాకు లారీ వెనకభాగం కనిపించింది. నా అరుపు విని ఆయన ఒక్కసారిగా స్టీరింగు పక్కకి కోశారు. బండి తోక విసిరింది, అత్తయ్య వైపు ముందుభాగం లారీ మూలకి తగిలింది.

పొగ, కాలిన వాసన. పాప ఏడుస్తోంది, అంటే బతికే ఉంది. దాన్ని విప్పి తీస్తున్నప్పుడు అత్తయ్య మొహం చూశాను. ఆ మొహం గురించి రాయను. జనం ఆవిణ్ణి దింపుతున్నారు. అప్పుడు ఆయన చేసిన మొదటి పని, పక్కకి వంగి గాడిలోంచి ఆ బిళ్ళ పీకడం. రోడ్డు పక్క కాలవలో పారేశారు.

ఆవిడకి ఒక కన్ను పోయింది. దవడ విరిగితే పళ్ళకి తీగలు చుట్టి నోరు మూసేశారు. గంజి, రసం, పాలు ఏదైనా గొట్టంతో పట్టాలి. నేను జీతం లేని సెలవు పెట్టాను. పట్టడం, తుడవడం, పక్క మార్చడం, బాత్రూంకి తీసుకెళ్ళడం నా వంతుకే వచ్చాయి. ఎవరూ నా వంతని చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. ఆడపడుచు ఫోన్లో, "నువ్వు వాదన పెట్టుకోకుండా పిల్లని ఇచ్చేసుంటే వాడు వెనక్కి తిరిగేవాడే కాదు" అంది. ఇచ్చేసుంటే ఏమై ఉండేదో గొట్టం పట్టుకుని కూర్చున్న ప్రతిసారీ నాకు కనిపించేది. ఆ సంచికీ ఆవిడ మొహానికీ మధ్యలో నా కూతురు. గంజి ఆవిడ మెడ మీద ఒలికేది, తుడిచి మళ్ళీ పట్టేదాన్ని.

ఒకరోజు ఆయన వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ స్టూలు మీద ఆయన ఎప్పుడైనా కూర్చున్నట్టు నాకు గుర్తులేదు.

"బెల్టు పెట్టుకున్నా అమ్మ మొహం పగిలిందంటే బ్యాగులోనే లోపం. కంపెనీకి రాశాను. రేపు ఇంజనీరొస్తున్నాడు. నువ్వు కూడా ఒకమాట చెప్పు."

"నేనా?"

"నువ్వు చెబితే నమ్ముతారు. నీకు తెలిసిన విషయం కదా."

మా పెళ్ళయ్యాక నాకేదో తెలుసని ఆయన ఒప్పుకున్నది అదే మొదలు. నేను పొయ్యి కట్టేశాను.

ఇంజనీరు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. బండి లోపల గుద్దుకున్న క్షణాలని గుర్తుపెట్టుకునే పెట్టె ఉంటుందనీ, ముందు సీటు బెల్టు పెట్టి ఉన్నట్టే అది చెబుతోందనీ అన్నాడు. "కానీ బెల్టు పట్టేస్తే ఛాతీ మీదా భుజం మీదా కమిలిన గీత పడాలి. ఆస్పత్రి వాళ్ళు అలాంటిది లేదంటున్నారు."

"యంత్రమే చెబుతుంటే ఇంకేం కావాలండీ?" అన్నారాయన. మా ఇద్దర్నీ అత్తయ్య మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. "అమ్మా, బెల్టు పెట్టుకున్నావు కదూ?"

ఆవిడ మిగిలిన కంటితో కొడుకుని చూశారు. తర్వాత నన్ను చూశారు. నీళ్ళు తిరుగుతుండగానే తల ఊపారు. నాకు కోపం రాలేదు. ఆవిడ బతుకంతా అలాగే తల ఊపుతూ వచ్చారు. ఇంజనీరు ఫైలు మూసి లేవబోయాడు.

"ఆ బండిలో నేనూ ఉన్నానండీ" అన్నాను. "నా మాట కూడా రాసుకోండి."

"నువ్వు లోపలికి వెళ్ళు" అన్నారాయన.

నేను వెళ్ళలేదు. పైట కాస్త పక్కకి జరిపి, నా భుజం మీద ఇంకా పచ్చగా మిగిలిన బెల్టు గీత చూపించాను. బిళ్ళ సంగతి చెప్పాను, కాలవ చెప్పాను, వెనక్కి తిరిగిన మెడ చెప్పాను. "బ్యాగు దాని పని అది సరిగ్గానే చేసిందండీ" అన్నాను. షోరూంలో ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్న గొంతే, ఒక్క మాట కూడా తడబడలేదు. ఇంజనీరు మళ్ళీ ఫైలు తెరిచాడు. ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

ఇంజనీరు వెళ్ళాక, "ఇప్పుడు నీకు చల్లగా ఉందా?" అన్నారు. "నా మీద కేసు పెడతారు, తెలుసా?"

తెలుసన్నాను. అత్తయ్యకి పట్టే వేళయింది. గంజి వడకట్టి గిన్నెలో పోసి, గొట్టంతో సహా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "గడ్డం కింద గుడ్డ వేసి మెల్లగా పట్టండి, లేకపోతే పొలమారుతుంది. రాత్రికీ రేపటికీ కూడా మీరే. నేను రేపు పనిలోకి వెళ్తున్నాను."