చిక్కుడుకాయల సెమినార్

"మళ్లీ మొదలెట్టు," అంది సరోజినీదేవి, చిక్కుడుకాయ ఈనె లాగడం ఆపి.

తిరువూరులోని ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ గది అది. ఆవిడ ఒళ్లో పేపరు, దాని మీద పొద్దున బజార్లో కొన్న చిక్కుళ్లు. పొట్టి మనిషి, ఎప్పుడూ ముక్కు మీదికి జారే కళ్లజోడు, చాక్‌పీసు పొడికి బీటలు వారిన వేళ్లు. ఇవాళ రిటైరవుతోంది. ఇలాంటి రోజున కూడా సాయంత్రం కూర గురించి ఎవరు ఆలోచిస్తారండీ అంటే, ఈవిడే.

ఎదురుగా నిలబడింది ఫౌజియా, అదే డిపార్టుమెంటు లెక్చరర్. మామిడిపూతను పాడుచేసే తేనెమంచు పురుగు మీద పరిశోధనకు గ్రాంటు అడిగింది. మూడింటికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. కిందటేడు ఇలాగే వెళ్తే, బట్టీపట్టిన ఇంగ్లీషు మధ్యలో తెగిపోయి నోరు పెగల్లేదు. ఈసారీ పోతే ఇక గ్రాంటుకు వయసు దాటిపోతుంది.

ఆ కాలేజీలో చేరినవాళ్లెవరికీ ఈ చిక్కుళ్ల పరీక్ష తప్పలేదు. ఎక్కడ మాట్లాడాలన్నా ముందు ఈవిడకు తెలుగులో చెప్పాలి. అర్థమవుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఆడుతుంటాయి. కాకపోతే ఆగిపోతాయి. అప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఫిజిక్సు శశాంక్ చెప్పిన రోజు ఒక్క కాయా తెమల్లేదు. ఆ పూట ఈవిడింట్లో పచ్చడి మెతుకులే! ఆ శశాంకే ఇప్పుడు డాక్టర్ శశాంక్.

సరోజినీదేవి మాత్రం డాక్టర్ కాలేదు. వయసులో ఉండగా ఆవిడా ఒక ప్రాజెక్టు ఇంటర్వ్యూకి వెళ్లింది. ఏమడుగుతారో, ఎలా చెప్పాలో నేర్పే దిక్కు లేక బెల్లం కొట్టిన రాయిలా నిలబడి వచ్చేసింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఎందుకుండదూ! ఇంకొకళ్లకు అది వద్దనుకుంది.

ప్రిన్సిపాల్ అంకారావు గుమ్మంలోకి వచ్చాడు. "మేడమ్ గారూ, హాల్లో సన్మానానికి అందరూ వచ్చేశారండి."

"కాసేపు కూర్చోనివ్వండి సార్. శాలువా ఎక్కడికీ పారిపోదు గదా."

ఇంటర్వ్యూ మొదలైంది. లాప్‌టాప్ వెనకాల, ఫౌజియాకు కనపడేలా కుర్చీ వేసుకుంది సరోజినీదేవి. ఆ పిల్ల మళ్లీ బట్టీ ఇంగ్లీషే అందుకుంది. తెరలో ఒకాయన అడ్డుపడ్డాడు. "అది సరేనమ్మా, దీనివల్ల రైతుకేంటి?"

ఫౌజియా తలెత్తి చూసింది. ఎదురుగా మేడమ్ చేతులు కదలడం లేదు.

"విస్సన్నపేటలో మా మామూ మామిడితోట కౌలుకు చేస్తాడు సార్," అంది మెల్లిగా. "పూత జిగటపట్టి నల్లబడితే, పక్క తోటాయన ఏం కొడితే ఈయనా అదే కొడతాడు. పురుగు పోదు. అసలది గుడ్లు ఎప్పుడు పెడుతుందో ముందే చెప్పగలిగితే సగం మందు కొట్టక్కర్లేదు సార్..."

కాయ టక్కుమంది. ఈనె సాగింది. ఇంకో కాయ.

ఫౌజియా చెబుతూనే ఉంది. ఎదురు ప్రశ్నలకు నవ్వుతోంది, చేతులు తిప్పుతోంది. సరోజినీదేవి తల ఎత్తింది. చాలాసేపటినుంచి ఆ పిల్ల తన చేతులవైపు చూడనేలేదు! కడుపు నిండిపోయింది ఆవిడకు. కాస్త దిగులూ వేసింది. పేపరు కుర్చీలో పెట్టి, చీర దులుపుకుని, చప్పుడు చేయకుండా బయటికి నడిచింది.

"మీ ప్రాజెక్టుకు సిఫారసు చేస్తున్నామమ్మా," అన్నారు తెరలో.

"మేడమ్!" అని అరిచింది ఫౌజియా.

ఎదురు కుర్చీలో మేడమ్ లేదు. హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. ఆవిడ ఎప్పుడు లేచి వెళ్లిందో తనకు తెలియనే లేదు. కుర్చీలో పేపరు మీద సగం చిక్కుళ్లకు ఈనెలు అలాగే ఉన్నాయి.