గోడకి అలవాటైన పరంజా

పొద్దున్నే పరంజా అద్దె షెడ్డు తలుపు తీయగానే లెక్కలమ్మకి రెండు పనులు. ఒకటి, నిన్న తిరిగొచ్చిన గొట్టాలకి అంటిన సిమెంటు గీకించడం. రెండు, వచ్చినవాళ్ళకి రేట్లు చెప్పడం. ఆ రెండో పనిలో ఆవిడంతటివాళ్ళు లేరని షెడ్డు యజమాని, అంటే ఆవిడ అన్నయ్య, ఊరంతా చెప్పుకునేవాడు.

"మూడు నెలలకని వచ్చినవాడు మా చెల్లెలి ముందు పది నిమిషాలు కూర్చుంటే ఏడాదికి సంతకం పెట్టి పోతాడు."

కిటుకు పెద్దదేం కాదు. మూడు నెలలకైతే రోజుకింత. ఏడాదికైతే రోజుకి అందులో మూడో వంతు. "ఇంకాస్త వేసుకుంటే ఏడాదంతా మీదేగా! వాన పడి గోడ మళ్ళీ కారిందనుకోండి, మళ్ళీ కట్టించక్కర్లేదు" అనేది లెక్కలమ్మ. జనం తలూపేవారు.

ఆరు నెలలు దాటిన పరంజాని గోడ వదలదు. ఆ పనిలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే. గోడ మెల్లగా ఒరిగి, బరువంతా గొట్టాల మీద వేసి, సొంతంగా నిలబడడం మానేస్తుంది. చంకన తిరిగే పిల్లకి నడక మీద ధ్యాస ఉంటుందా? ఇక విప్పితే కూలిపోతుంది. అక్కణ్ణించి పొడిగింపు రేటు. అది మొదటి రేటుకి నాలుగింతలు. అడిగినవాళ్ళ దగ్గర లెక్కలమ్మ దాచేది కాదు. అడగనివాళ్ళకి చెప్పేదీ కాదు.

దర్జీ ఆవిడ అడగలేదు.

ఏడాది నిండిన మర్నాడు పొడిగింపు కాగితం పట్టుకుని లెక్కలమ్మ ఆవిడ ఇంటికి వెళ్ళింది. కింద కుట్టు దుకాణం, పైన కాపురం. ముందు గోడకి, కిటికీ మూసుకుపోయేలా, అడ్డంగా నిలువుగా గొట్టాలు. లోపల పట్టపగలే బల్బు వెలుగుతోంది. మిషను మీద వంగిన దర్జీ ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసి చేతిలో పోసుకుంది.

"రా అక్కా, నీ కోసమే చూస్తున్నా. మూడు నెలలకే మేస్త్రీ పని అయిపోయింది. ఏడాదికి తీసుకుంటే చవకన్నావుగా, ఉంచేశా. ఈ చీకట్లో నల్లగుడ్డ మీద నల్లదారం కనబడక కళ్ళు పోతున్నాయనుకో. విప్పించెయ్యి, నీకు పుణ్యముంటుంది."

లెక్కలమ్మ బయటికి వచ్చి ఒక గొట్టం మీద చెయ్యి వేసింది. నిద్రపోయే పిల్లని మోస్తున్న చెయ్యిలా అది వెచ్చగా ఉంది, సన్నగా వణుకుతోంది.

"తీస్తే గోడ నిలబడదమ్మా" అంది లోపలికి వచ్చి.

"అదేంటి?"

"అలవాటు పడిపోయింది."

"పడుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

దర్జీ ఆవిడ పొడిగింపు కాగితం తీసుకుని కింద అంకె చూసింది. అదే అంకె మళ్ళీ చూసింది. ఆ డబ్బు కట్టడమంటే ఇల్లు అమ్ముకోవడమే. తిడుతుందని లెక్కలమ్మ కాచుకుని నిలబడింది. తిడితే బాగుండును.

"తప్పు నాదేలే. నేను అడగలేదు కదా" అంది దర్జీ ఆవిడ.

లెక్కలమ్మ మొహం చెవులదాకా మండింది. పదిహేనేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటున్న మాట అవతలివాళ్ళ నోట వినడం ఆవిడకి అదే మొదటిసారి. కాగితం వెనక్కి తీసుకుని, మడతపెట్టి, సంచిలో కుక్కుకుంది.

దీనికి మందు లేకపోలేదు. పరంజా వాళ్ళు దాన్ని మాన్పించడం అంటారు. రోజుకొక్క గొట్టం తీసి, ఆ చోట ఒక మనిషి వీపు ఆనించి పొద్దుగూకేదాకా నిలబడాలి. ఇనుము మీద అయితే ఎంతైనా వాలుతుంది గానీ మనిషి మీద పూర్తిగా వాలడానికి గోడకి మొహమాటం. పోనుపోను తనంతట తనే నిలబడుతుంది. అన్ని రోజులు ఎవరు నిలబడతారని ఎవరూ చెయ్యరు.

అన్నయ్య ఎగిరిపడ్డాడు. "ఒక్క ఇంటికి మాన్పించావంటే రేపు వీధి వీధంతా వచ్చి మన గుమ్మంలో కూర్చుంటుంది!"

"కూర్చోనీ."

"ఆ గొట్టాల అద్దె ఎవడిస్తాడే?"

"నా జీతంలో కోసుకో."

"నీకేమైనా గాలి సోకిందా?"

"సిగ్గేసింది అన్నయ్యా" అంది. ఆయన ఫోన్ తీసి చూసుకున్నాడు.

నలభై ఒక్క గొట్టాలు, నలభై ఒక్క రోజులు. వీధిలో పోయేవాళ్ళు "ఏంటి లెక్కలమ్మా, నిలువు శిక్షా?" అనేవాళ్ళు. అవునన్నట్టు తలూపేది. దర్జీ ఆవిడ మధ్యాహ్నం మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయేది. ఆఖరి గొట్టం తీసిన సాయంత్రం దుకాణంలోకి ఎండ నేరుగా మిషను మీదకి వచ్చింది. గోడ నిలబడింది.

మర్నాడు లెక్కలమ్మ షెడ్డుకి వెళ్ళింది. పదకొండింటికల్లా దర్జీ ఆవిడ గుడ్డల మీద సున్నం రాలడం మొదలైంది. దర్జీ ఆవిడ కబురు పెట్టలేదు. గోడ ఈసారి తనకి అలవాటు పడిందని లెక్కలమ్మకే వీపు మధ్యలో తెలిసింది. తాళంచెవులు అన్నయ్య బల్ల మీద పెట్టి నడుచుకుంటూ వచ్చేసింది.

అప్పట్నించి దుకాణంలో గోడ వారగా ఆవిడకొక ముక్కాలిపీట. వీపు ఆనించి కూర్చుని కాజాలు కుడుతుంది. మొదటి నెలలో కుట్టినవన్నీ విప్పదీసి మళ్ళీ కుట్టాల్సినవే. మధ్య మధ్య గోడ కొంచెం వాలి, వెంటనే సర్దుకుంటుంది.

ఒకరోజు కొత్తగా కొలతలిద్దామని వచ్చినామె అడిగింది: "ఈవిడెవరు, మీ చుట్టమా?"

దర్జీ ఆవిడ టేపు మీంచి కన్నెత్తలేదు.

"మా గోడకి కావలసినావిడ" అంది.

లెక్కలమ్మ తల వంచుకుని, సూదిలోంచి జారిపోయిన దారం మళ్ళీ ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.