బాయిలరు కారుకి కొత్త ఫ్యాను

అవనిగడ్డలో కృపావరం కారుని కారు అనేవాళ్లు తక్కువ, బాయిలరు అనేవాళ్లే ఎక్కువ. రైసుమిల్లు బాయిలరుకైనా ఆవిరి వదలడానికి ఒక వేళాపాళా ఉంటుంది, ఈ అంబాసిడర్‌కి అదీ లేదు అని బస్టాండులో తోటి డ్రైవర్ల పరాచికం. ముప్పై అయిదేళ్ల నాటి బండి. రోడ్డెక్కితే మహారాజులా పరిగెడుతుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం వెనకాల నడకన రమ్మంటేనే దానికి ఒళ్లు మండుకొస్తుంది. పరుగులో ఎదురుగాలి తగిలి రేడియేటర్ చల్లబడుతుంది. నడకలో ఆ గాలి ఉండదు. ఇంజనుకి తగిలించిన ఫ్యాను కూడా ఇంజనుతో పాటే బద్ధకంగా తిరుగుతుంది.

కిందటేడు నాగాయలంకలో ఒక పెళ్లి ఊరేగింపులో, సరిగ్గా నడిబజారులో, బుస్సుమని ఆవిరి చిమ్మి ఆగిపోయింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ట్రాక్టరెక్కి ఇంటికి చేరారు. ఆ తర్వాత ఊరేగింపులకి కృపావరాన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. పిలవకపోతే పోయారని ఊరుకునేవాడే. కానీ ఈసారి, అంటే తొంభై ఏడు మే నెలలో, పెళ్లి సొంత కూతురు నిస్సీది. పెళ్లికొడుకు హనోకు చల్లపల్లిలో స్కూలు మాస్టారు. చల్లపల్లి చర్చిలో పెళ్లి, అక్కణ్ణుంచి పెళ్లికొడుకు ఇంటిదాకా కిలోమీటరు ఊరేగింపు.

"బందరులో కొత్త కారు మాట్లాడండి, ఏసీ ఉన్నది" అంది కృపావరం భార్య ఆనందమ్మ.

"నేను మన కారులోనే వెళ్తాను. లేదంటే నడిచి వెళ్తాను" అంది నిస్సీ.

"ఆ కుంపట్లోనా?"

"కుంపటైనా మనదే కదమ్మా. ఏడేళ్లప్పట్నుంచీ ప్రతి వంతెన దగ్గరా దిగి, డబ్బాతో కాలవ నీళ్లు ముంచుకొచ్చి పోసింది నేను. నేను పోసిన నీళ్లకి ఎకరం తడిసేది. ఇవాళ పెళ్లని దాన్ని వదిలేసి ఇంకో కారెక్కనా?"

ఆ మాటకి కృపావరం గుండె పొంగింది. పొంగిన మరుక్షణమే జారింది. కన్నకూతుర్ని అత్తారింటి గుమ్మం దాకా దింపలేక ట్రాక్టరెక్కిస్తే నలుగురిలో తలెత్తుకోవడం సంగతి తర్వాత, ఆ పిల్ల ముఖం ఎలా చూడగలడు?

మర్నాడే బందరు వెళ్లి భూషణం షెడ్డు ముందు కారు ఆపాడు. భూషణం పాతికేళ్ల స్నేహితుడు. ఒకప్పుడు గిలకలదిండిలో పడవ ఇంజన్లు బాగుచేసినవాడు, ఇప్పుడు కార్లు చూస్తున్నాడు. సంగతంతా విని, గుడివాడ పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిపెట్టుకున్న మారుతి ఫ్యాను ఒకటి అటక మీంచి దించాడు.

"కరెంటు ఫ్యాను బావా. ఇంజనుతో దీనికి పనిలేదు. స్విచ్చి వేస్తే బండి నిలబడ్డా తిరుగుతుంది. రేడియేటర్ ముందర బిగిస్తాను. వెనకున్న పాత ఫ్యాను పని దాన్ని చేసుకోనీ. డైనమో ముసలిది కాబట్టి ట్రాక్టరు బ్యాటరీ వేద్దాం."

కృపావరానికి ఒక అలవాటుంది. తన కారు బానెట్ కింద ఎవరి చెయ్యి దూరినా అతని నోరు ఊరుకోదు. ఆ క్లాంపు వదులేమో అన్నాడు. ఆ నట్టు పెద్దదేమో అన్నాడు. రేడియేటర్‌కి తగులుతుందేమో అన్నాడు. భూషణం స్పానరు కింద పెట్టి దణ్ణం పెట్టాడు.

"నువ్వు నోరు తెరిస్తే నాకు నట్టు కనపడట్లేదు బావా. అలా బజారెళ్లి మా ఇంటికి లడ్డూలు పట్టుకురా. పెళ్లి కబురు నోరు తీపి చేసి చెప్పాలి."

ఆ కారు కొన్న రోజు నుంచీ బ్యాటరీ ముట్టుకున్న ప్రతివాడికీ కృపావరం ఒక ముఖ్యమైన మాట చెబుతూ వచ్చాడు. ఆ రోజు మాత్రం ఆ మాట చెప్పకుండానే లడ్డూల కొట్టుకి నడిచాడు. అక్కడ కొట్టాయనకి పెళ్లి విశేషాలు ఏకరువు పెట్టి తిరిగొచ్చేసరికి వైర్లు కలపడం అయిపోయింది. స్టీరింగు పక్కన ట్రాక్టరు లైటు స్విచ్చి ఒకటి కొత్తగా మెరుస్తోంది. నొక్కితే జుయ్‌మని ఎంత కమ్మటి చప్పుడో!

"రోడ్డు మీద వెయ్యకు, దండగ. ఊరేగింపులో వెయ్యి" అన్నాడు భూషణం.

ఆ మధ్యాహ్నం అవనిగడ్డలో కరెంటు పోయింది. కృపావరం కారుని వీధిలో వేపచెట్టు నీడన పెట్టి స్విచ్చి నొక్కాడు. ఇంజను వెయ్యకుండానే కారు ముందు నుంచి ఫెళ్లున గాలి. ఎదురింటి వీరమ్మ కొంగు ఎగిరింది. ఆవిడ చాప తెచ్చుకుని బంపరు ముందు కూలబడింది. అయిదు నిమిషాల్లో వీధిలో సగంమంది అక్కడే చేరారు. మెడ మీద చెమట ఆరబెట్టుకుంటూ, కారంటే ఇదీ అన్నారు. బాయిలరన్న నోళ్లే విసనకర్రన్నాయి. కృపావరం పట్టలేని ఆనందంతో అందరికీ మిగిలిన లడ్డూలు పంచాడు. ఫ్యాను గాలి మన ముఖాలకి కొడుతోందేమిటి, ఇంజను వైపు కదా కొట్టాలి అని ఒక్కరికంటే ఒక్కరికి తోచలేదు. అంత హాయిగా గాలి తగులుతుంటే ఎవరికి మాత్రం తోస్తుంది!

పెళ్లి దివ్యంగా జరిగింది. సాయంత్రం అయిదింటికి చర్చి ముందు అంబాసిడర్ బంతిపూల మాలలతో తయారుగా ఉంది. పెళ్లికూతురి తండ్రి డ్రైవింగేమిటండీ బావగారూ అని వియ్యంకుడు మొహమాటపడ్డాడు. దాని స్టీరింగు ఇంకొకరి మాట వినదండీ అని కృపావరం కొత్త కోటు చేతులు మడుచుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో హనోకు, తెల్ల చీరలో నిస్సీ, అమ్మాయి పక్కనే ఆనందమ్మ. భూషణం కారు పక్కన నడుస్తూ, ఆ ఫ్యాను బిగించింది తనేనని దారినపోయేవాళ్లకి కూడా చెబుతున్నాడు.

బ్యాండు కదిలింది. కారు కదిలింది. కృపావరం ఠీవిగా స్విచ్చి నొక్కాడు.

రెండొందల గజాలు వెళ్లేసరికి, వేడి చూపించే ముల్లు సగం దాటింది. ఆయిల్ మిల్లు మలుపు దగ్గర ముప్పాతికకి వచ్చింది. ఫ్యాను లేని రోజుల్లో కూడా ఇంత తొందరగా ఎక్కేది కాదు. కృపావరం ముల్లు మీంచి కన్ను తియ్యట్లేదు. ప్రభువా, ఇవాళ ఒక్కరోజు, ఇవాళ ఒక్కరోజు అని లోపల్లోపల గొణుక్కుంటున్నాడు. అద్దంలో నిస్సీ అతన్నే చూస్తోంది. నాన్న మెడ చూసి ముల్లు ఎక్కడుందో చెప్పగల పిల్ల అది.

"డబ్బా డిక్కీలోనే ఉందా నాన్నా?" అంది మెల్లగా.

"పెళ్లి చీరతో డబ్బా ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది ఆనందమ్మ.

అప్పుడు బ్యాండులో ఆఖరి వరసలో పెద్ద డ్రమ్ము వాయించే ఆయన వెనక్కి తిరిగాడు. వీపు తడుముకుంటున్నాడు.

"కృపావరం గారూ, వెనక నుంచి వడగాలి కొడుతోందండీ! మా వీపులు మాడిపోతున్నాయి!"

కృపావరం ముందుకి చూశాడు. పిల్లలు చల్లిన రంగు కాగితాలు కారు మీద పడి, బానెట్ అంచు దాటగానే ఎగిరి బ్యాండువాళ్ల టోపీల మీద వాలుతున్నాయి. బంతిపూల మాల గ్రిల్లుకి అంటుకుని ఉండాల్సింది ముందుకి లేచి ఊగుతోంది. వీరమ్మ కొంగు గుర్తొచ్చింది. బ్రేకు తొక్కి, ఇంజను ఆపి, ఒక్క ఉదుటున కిందికి దిగాడు.

"బావా, ఎర్ర వైరు ఎక్కడ కలిపావు?"

"స్విచ్చి నుంచి వచ్చే వైరుకి. నల్లది బాడీకి. ముప్పై ఏళ్ల సర్వీసు, అదీ తెలీదా నాకు?"

"ఈ కారులో బాడీయే ప్లస్సు! మిగతా బళ్లలో బాడీకి మైనస్సు ఉంటే, ఈ పాతకాలం వైరింగులో అది తిరగబడి ఉంటుంది. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది!"

భూషణం నోరు తెరిచాడు. ఇంతసేపూ పాత ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంటే, కొత్త ఫ్యాను దాన్ని బయటికి తోస్తోంది. మధ్యన రేడియేటర్ ఉక్కిరిబిక్కిరి అయిపోయింది.

"మరి చెప్పొద్దా బావా?"

"చెప్పే నోటిని నువ్వు లడ్డూలకి పంపావు కదా బావా!"

ఈలోగా వియ్యంకుడు పరుగున వచ్చి, మేనల్లుడి కారు సిద్ధంగా ఉంది, పిల్లల్ని అందులోకి మారుద్దామన్నాడు. చుట్టూ జనం మూగారు. బాయిలరు మళ్లీ బాయిలరే అని ఎవరో కిసుక్కున నవ్వారు. నిస్సీ తలుపు అద్దం దించింది.

"నాన్న దిగమంటే దిగుతానండీ. లేకపోతే లేదు."

హనోకు ఇంకాస్త వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు. అల్లుడంటే అలా ఉండాలి.

"అయిదు నిమిషాలివ్వండి బావగారూ" అన్నాడు కృపావరం. బానెట్ లేపాడు. బ్యాండువాళ్లు విషయం గ్రహించి, అక్కడే నిలబడి హుషారైన పాటొకటి అందుకున్నారు. భూషణం ఆ రెండు వైర్లూ ఊడదీశాడు. ఎర్రదాని చోట నల్లది, నల్లదాని చోట ఎర్రది మెలిపెట్టి టేపు చుట్టాడు. ఈసారి కృపావరం దగ్గరుండి ప్రతి మెలికకీ ఒక సలహా ఇచ్చాడు. భూషణం అన్నిటికీ అలాగే బావా అన్నాడు.

స్విచ్చి వేశారు. అదే జుయ్‌మనే చప్పుడు. కానీ బంతిపూల మాల ఒక్కసారి వెనక్కి లాక్కుని గ్రిల్లుకి అతుక్కుపోయింది. దాని పక్కన రంగు కాగితాలు నాలుగొచ్చి అంటుకున్నాయి. డ్రమ్ము ఆయన చెయ్యి పెట్టి చూసి, చల్లబడిందండోయ్ అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. కారు కదిలింది. ముల్లు ఇంకో గీత ఎక్కబోయి, ఆలోచించుకుని, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. దిగి దిగి సగం దగ్గర నిలబడింది. కృపావరం ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

పెళ్లివారి ఇల్లు వచ్చింది. గేటుకి మామిడాకులు, అరుగు మీద ఆడవాళ్లు. బ్యాండువాళ్లు రెండు వరసలుగా చీలి దారిచ్చారు. కారు గేటు లోపలికి తిరగాలి.

తిరగలేదు. నెమ్మదిగా ముందుకే పోతోంది.

"నాన్నా, ఇల్లు దాటిపోయాం" అంది నిస్సీ.

"తెలుసమ్మా. బండి చల్లగానే ఉంది. కాలవ వంతెన దాకా వెళ్లి తిప్పుకొద్దాం."

వెనక క్లారినెట్టూ డ్రమ్ములూ పరుగందుకున్నాయి. నిస్సీ ముందుకి వంగి నాన్న భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

వంతెన దగ్గర నీళ్లు పొయ్యాల్సిన పని లేదు. అయినా కృపావరం కారు ఆపాడు.

"దిగనా నాన్నా?" అంది నిస్సీ, ఏడేళ్ల పిల్లలాగా.

"కూర్చోమ్మా. కాసేపు ఊరికే కూర్చో" అన్నాడు కృపావరం.