బ్రోకర్లు రావద్దు

పద్మారావు నగర్‌లో మూడో అంతస్తులో ఉన్న ఫ్లాట్‌ను మధుసూదన్ అమ్మాలనుకున్నది డబ్బు కోసం కాదు, మెట్ల కోసం. ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు. ఎనిమిది నెలల కింద అతని భార్య ఊర్మిళ బస్సు దిగబోయి పడింది. తుంటి ఎముక విరిగింది. చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరగగలదు కానీ, ఇక మెట్ల జోలికి పోవద్దన్నాడు డాక్టరు. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అటు వాచ్‌మన్, ఇటు మధుసూదన్ పట్టుకుని దింపుతారు. దిగుతున్నంతసేపూ ఊర్మిళ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. అది చూడలేకే అతను ఇల్లు అమ్ముదామన్నాడు.

మొదట ఒక బ్రోకర్‌ను పిలిచాడు. వచ్చినతను గదులన్నీ చూసి, గొంతు తగ్గించి, "సార్, పార్టీ వచ్చినప్పుడు మేడమ్‌ను లోపలి రూమ్‌ల కూసోమనుండ్రి. ఇంట్ల పేషెంట్ ఉన్నదంటే రేట్ దిగుతది" అన్నాడు. మధుసూదన్ రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ రోజూ గట్టిగా ఏమీ అనలేదు. బ్రోకర్‌ను గేటు దాకా సాగనంపి, "మీకెందుకన్నా తక్లీఫ్, మేమే అమ్ముకుంటం" అని చెప్పి పైకొచ్చాడు.

ఆ సాయంత్రమే ఒక అట్ట మీద 'ఫ్లాట్ అమ్మబడును. బ్రోకర్లు రావద్దు' అని రాసి, ఫోన్ నంబరు వేసి గేటుకు కట్టాడు. ఫోన్‌తో ఫోటోలు తీశాడు. హాలు ఫోటోలో, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఊర్మిళ కూడా పడింది.

"నన్ను తీసెయ్" అంది ఆమె.

"నువ్వు లేకుంటే ఇల్లేం బాగుంటది" అని అలాగే తెలిసినవాళ్లందరికీ పంపించాడు.

జనం బాగానే వచ్చారు. బేగంపేటలో ఉద్యోగాలు చేసే జంట వచ్చింది, బట్టల కొట్టాయన తల్లితో సహా వచ్చాడు. అందరికీ గాలి, వెలుతురు నచ్చేవి. కానీ మధుసూదన్ లోపలికి వెళ్లి బీరువాలోంచి కాగితాల ఫైలు తెచ్చేసరికి వాళ్ల మొహాలు మారిపోయి ఉండేవి. "ఆలోచించుకుని ఫోన్ చేస్తాం" అని దిగిపోయేవాళ్లు. ఎవరూ చేయలేదు. అలా రెండు నెలలు గడిచాయి.

"రేటు తగ్గియ్యాలేమో" అన్నాడు ఒకరోజు.

"ఉండనీ. తొందరేమున్నది" అంది ఊర్మిళ.

ఒక ఆదివారం ప్రిసిల్లా అనే నర్సు వచ్చింది. ఇల్లంతా తిరిగి చూసింది, కాగితాలు చదివింది. మధుసూదన్ ఆమె వెంట కిందికి దిగుతుంటే, రెండో అంతస్తు దగ్గర ఆగింది.

"అంకుల్, ఏమనుకోకండి. మీకు అసలు ఇల్లు అమ్మాలని ఉందా?"

"అదేందమ్మా, గట్లంటవ్?"

"మీరు కాగితాల కోసం లోపలికి వెళ్లినప్పుడు ఆంటీ నాకన్నీ చెప్పారు. వానాకాలం చిన్న రూమ్ గోడలోకి నీళ్లు దిగుతాయంట. కర్రతో క్యాలెండర్ పక్కకు జరిపి మచ్చ కూడా చూపించారు. ఎండాకాలం నీళ్లు పైకి ఎక్కవంట. కింది ఫ్లాటాయన తెల్లవార్లూ దగ్గుతాడంట."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

"నిజమేనమ్మా. నేనే చెప్పాల్సి ఉండె" అన్నాడు.

అతను పైకి వచ్చేసరికి ఊర్మిళ తలుపు వైపే చూస్తూ ఉంది. అతని మొహం చూడగానే ఆమెకు అర్థమైంది. మధుసూదన్ ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎందుకు ఊర్మిళా?"

ఆమె చూపు నేల మీది బండల మీదికి పోయింది. తర్వాత నెమ్మదిగా అంది. "పదహారేండ్లు లోన్ కట్టినవ్. ఈ కింది బండలు సుత నువ్వే తిరిగి తిరిగి ఏరుకొచ్చినవ్. నా ఒక్క కాలు కోసం గిదంతా పోవాల్నా? నీ వల్ల ఇల్లు పోయిందని నువ్వు ఎన్నడు అనవు. నాకే అనిపిస్తది."

"నేను డ్యూటీకి పోయి దినాం వందమందిని చూస్త. నువ్వేమో బాల్కనీల నిలబడి, కింద పోయేటోళ్ల నెత్తులు చూస్తవ్. ఇల్లు చూడొచ్చినోళ్లది కాక, ఎదురుంగ ఇంకో మనిషి మొఖం చూసి ఎన్ని నెలలైంది నీకు? కొంగు కప్పుకొని కుర్చీల దిగుతవ్ చూడు, అప్పుడు నాకు ఈ బండలు, ఈ గోడలు ఏవీ అక్కెర లేదనిపిస్తది."

ఊర్మిళ కళ్లు తుడుచుకుంది. అతను లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. సగం తాగి గ్లాసు పక్కన పెట్టి, "ఆ పిల్లకు ఫోన్ చెయ్. కింది ఆయనకు దగ్గు తగ్గిందని చెప్పు" అంది.

"తగ్గిందా?"

"జెర తగ్గింది."

ఫోన్ చేయాల్సిన పని పడలేదు. మరునాడు ప్రిసిల్లాయే చేసింది. "ఇప్పటికి ఇరవై ఇళ్లు చూశాను అంకుల్. గోడకు చెమ్మ ఉందని చెప్పింది ఆంటీ ఒక్కరే. గోడ నేను బాగుచేయించుకుంటాను. అన్నీ చెప్పేశారు కదా, ఇక భయపడడానికి ఏమీ మిగల్లేదు."

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ డబ్బుతో బోయిగూడలో ఒక ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు కొన్నారు. గాలి తక్కువే, వెలుతురూ తక్కువే. కానీ తలుపు తీస్తే నేరుగా సందులోకే, మధ్యలో ఒక్క మెట్టు లేదు.

చేరిన పన్నెండో రోజు సాయంత్రం మధుసూదన్ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే లోపలే మోగింది. సందు అటూ ఇటూ చూశాడు.

నాలుగిళ్ల అవతల దేవమ్మ అనే ఆమె పూలు అమ్ముతుంది. ఆమె గంప పక్కన స్టూలు మీద ఊర్మిళ కూర్చుని ఉంది. ఒళ్లో చేతికర్ర, కర్ర మీద కనకాంబరాల మాల. ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు.

"గింత జల్దీ వచ్చినవేంది?" అంది ఊర్మిళ అతన్ని చూసి. "ఇగో తాళంచెవి. నువ్వు పోయి చాయ్ పెట్టుకో. నేను ఇంకో అర్ధగంట కూసుంట."

మధుసూదన్ తాళంచెవి తీసుకున్నాడు. ఇంటికి వెళ్లి చాయ్ పెట్టాడు. మూడు గ్లాసుల్లో పోసుకుని మళ్లీ సందులోకి నడిచాడు.