వెనక కిటికీ వైపు

ఆ రోజు ఇంట్లో ఉన్నది పెదనాన్న, పెద్దమ్మ, సెలవు పెట్టి మరీ ఉండిపోయిన అన్నయ్య, జనరేటర్ బిగించడానికి వచ్చిన మెకానిక్, వెనక గదిలో నానమ్మ, ఆవిడ మంచం పక్కన నేను. మా ఊళ్లో పదో తరగతి అయ్యాక, నానమ్మను చూసుకుంటూ ఇక్కడే చదువుకోవచ్చని నన్ను పెదనాన్న ఇంటికి పంపారు. టీ కావలసినప్పుడు తప్ప నేనున్నట్టు ఎవరికీ గుర్తుండదు. నాకూ అదే హాయి.

నానమ్మకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు గొట్టం పెట్టుకుని ఆక్సిజన్ మిషన్ మీద నెట్టుకొస్తోంది. కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది. నేను మంచం పక్కనున్న సిలిండర్ విప్పి గొట్టం మార్చేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటుంది. అందుకే జనరేటర్ కొందామన్నారు.

మిషన్‌కీ, ఫ్యాన్లకీ చిన్నది చాలని దుకాణంలో చెప్పారట.

"కొనేదేదో ఇల్లంతా నడిచేది కొందాం నాన్నా," అన్నాడు అన్నయ్య. ఏసీలు, గీజర్, ఫ్రిజ్ అన్నీ కలిపేసరికి బీరువా అంత డీజిల్ పెట్టె వచ్చి గుమ్మం ముందు దిగింది. తొంగిచూసిన ప్రతివాళ్లకీ పెద్దమ్మ "మా అత్తగారి కోసమండీ" అని చెప్పింది.

"ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడిగాడు మెకానిక్.

"ముందు వైపు కుదరదు. కారు ఎక్కడ పెట్టుకోను?" అన్నారు పెదనాన్న.

"మా పడకగది పక్కన మాత్రం వద్దు. అది మొదలుపెడితే ఇక నాకు కునుకు పట్టినట్టే," అంది పెద్దమ్మ.

"నా గది వైపూ వద్దు. ఆఫీసు ఫోన్లు వస్తాయి. వీడు పిండిమర పెట్టుకున్నాడేమో అనుకుంటారు," అన్నాడు అన్నయ్య.

"ఇంక వెనక వైపే మిగిలింది. అక్కడ పెద్దావిడ కిటికీ ఉంది మరి," అన్నాడు మెకానిక్.

"మా అమ్మకేం ఫరవాలేదయ్యా. పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఈ మోతతో బాధ లేనిది మా ఇంట్లో ఆవిడొక్కతే!" అన్నారు పెదనాన్న.

అందరూ నవ్వారు.

"పొగ గొట్టం గోడ వైపు తిప్పనా?"

"వద్దొద్దు, పక్కింటాయన కయ్యానికి కాలు దువ్వుతాడు. ఇటు కిటికీ వైపే తిప్పు."

నేను టీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ కిటికీ నానమ్మ తల వైపు ఉంటుంది. "పెదనాన్నా" అన్నాను.

"చక్కెర ఎక్కువేశావమ్మా," అన్నారాయన. నేను తలూపి లోపలికి వచ్చేశాను.

నానమ్మ నా చేత తల దువ్వించుకుంది. మంచి చీర కట్టించుకుంది. "నా కోసం ఇంత చేసేవాడు ఎవడున్నాడే! కడుపున పుట్టినవాడు గనక చేశాడు," అని పదిసార్లు అంది. మెకానిక్ తీగను మా కిటికీ సందులోంచే లోపలికి లాగాడు. దాంతో రెక్క పూర్తిగా మూసుకోవడం మానేసింది.

మెయిన్ ఆపి చూశారు. జనరేటర్ గుర్రుమని లేచింది. ఇల్లంతా వెలిగింది. హాల్లో అన్నయ్య చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మ ఫోన్లో బంధువులకు వీడియో చూపిస్తోంది. ఆక్సిజన్ మిషన్ మీద పచ్చదీపం కూడా వెలిగింది.

అంతలోనే సందులోంచి నల్లటి పొగ వచ్చింది. రెక్కను ఎంత నెట్టినా పడలేదు. నా ఓణీ తీసి సందులో కుక్కాను. నానమ్మకు దగ్గు పట్టుకుంది.

"ఏం వాసనే అది?"

ఆ ఇంట్లో నేను గొంతెత్తేది నానమ్మ చెవి దగ్గర ఒక్కచోటే. మామూలుగా చెబితే ఆవిడకు వినపడదు. ఇప్పుడు జనరేటర్ మోత కూడా తోడైంది. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"జనరేటర్ పొగ నానమ్మా! గొట్టం నీ వైపే పెట్టారు! నీకు చెవులు వినపడవని ఇక్కడ పెట్టారు! మోత వాళ్లకు పడదట!"

పెద్దమ్మ ఫోన్లోంచి "ఏమిటి, ఏమంటోంది ఆ పిల్ల?" అని ఎవరో అడుగుతున్నారు. పెదనాన్న గుమ్మంలోకి వచ్చారు. ఆయన వెనక పెద్దమ్మ.

"నోట్లో నాలుక లేదనుకున్నాం. ఎంత పొడుగుందో చూశారా!" అంది పెద్దమ్మ.

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆపమంటారని చూశాను.

నానమ్మ కొడుకు ముఖం వైపు చూసింది. దగ్గును పమిటలో నొక్కుకుంది.

"దాని మాటలు పట్టించుకోకురా. పల్లెటూరి మొద్దు, దానికేం తెలుసు? నాకు ఏ వాసనా రావడం లేదు. ఊపిరి హాయిగా ఆడుతోంది. నువ్వెళ్లి ఆ వచ్చినతన్ని పంపించు నాయనా."

"విన్నావా?" అని నన్నడిగి పెదనాన్న వెళ్లిపోయారు. నానమ్మ నన్ను కూడా వెళ్లమని చెయ్యి ఊపింది. వెళ్లి గుమ్మం అవతల నిలబడ్డాను.

మంచం కిర్రుమంది. నానమ్మ గోడ పట్టుకుని, వెనక గొట్టం ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. పెదవులు నల్లబడ్డాయి. నా కోసమే వస్తోందనుకుని పట్టుకోవడానికి చెయ్యి చాపాను.

"నలుగురిలో వాడి పరువు తీశావు కదే," అని నానమ్మ తలుపు మూసేసింది.